రామానుజన్ లెక్కలను సృష్టించారా.. ఉన్నవాటిని చూశారా? వందేళ్లు దాటినా తేలని ప్రశ్న

శ్రీనివాస రామానుజన్ పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేవి మూడే. 1729 అనే సంఖ్య, కలలో కనిపించిన నామగిరి అమ్మవారు, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ. కానీ 32 ఏళ్లకే ముగిసిపోయిన ఆయన జీవితం వెనక ఓ పెద్ద ప్రశ్న ఉంది. గణితం మనిషి బుర్రలో పుట్టిందా? లేక మనిషి ఉన్నా లేకున్నా అది ఎక్కడో ఉండి, ఎవరో ఒకరు చూసేదాకా ఎదురుచూస్తుందా?

మన తెలుగులో ఈ తేడా పెద్దగా కనిపించదు. న్యూటన్ గురుత్వాకర్షణ కనిపెట్టాడంటాం, గ్రాహంబెల్ టెలిఫోన్ కనిపెట్టాడంటాం. రెండింటికీ ఒకటే మాట. కానీ మొదటిది ఎప్పటి నుంచో ఉన్నది, రెండోది అప్పటిదాకా లేనిది. మరి రామానుజన్ నోట్‌బుక్కుల్లోని వేల సూత్రాలు ఏ కోవలోకి వస్తాయి? జవాబు కోసం ఆయన జీవితాన్ని మొదటి నుంచి చూడాల్సిందే.

పైకప్పులో దాచేసిన కాగితాలు

రామానుజన్ 1887 డిసెంబర్ 22న ఈరోడ్‌లో అమ్మమ్మ గారింట్లో పుట్టారు. పెరిగిందంతా కుంభకోణంలో. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ చీరల దుకాణంలో గుమస్తా. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజనలు పాడేవారు. వాళ్ల ఇలవేల్పు నామక్కల్‌లో వెలిసిన నామగిరి తాయారు. రెండేళ్ల వయసులో మశూచి సోకినా రామానుజన్ బతికి బయటపడ్డారు. ముఖం మీద ఆ మచ్చలు మాత్రం చివరిదాకా ఉండిపోయాయి.

స్కూల్లో ఉండగానే పెద్ద క్లాసుల త్రికోణమితి పుస్తకం పూర్తి చేసేశారు. అంతటితో ఆగలేదు. సైన్, కొసైన్‌లకు సంబంధించిన ఒక లోతైన సూత్రాన్ని సొంతంగా రాబట్టారు. తనదే కొత్త విషయం అనుకున్నారు. తీరా చూస్తే స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఆయిలర్ అనే గణితవేత్త 18వ శతాబ్దంలోనే దాన్ని రాసిపెట్టాడని తెలిసింది. కుర్రాడికి సిగ్గేసిందో, బాధేసిందో.. ఆ కాగితాలు తీసుకెళ్లి ఇంటి పైకప్పులో దాచేశారు.

చిన్న సంఘటనే. కానీ అసలు కథంతా ఇందులోనే ఉంది. ఒక పాటని ఇద్దరు వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కాలాల్లో అక్షరం పొల్లుపోకుండా రాయడం జరగదు. లెక్కల్లో మాత్రం జరుగుతుంది. పై విలువను ఇచ్చే ఒక అనంత శ్రేణి యూరప్‌లో 17వ శతాబ్దంలో లైబ్నిట్జ్ పేరు మీద ప్రసిద్ధి అయింది. 1 నుంచి మూడో వంతు తీసేసి, ఐదో వంతు కలిపి, ఏడో వంతు తీసేసి.. ఇలా పోతూ ఉంటే పైలో నాలుగో వంతు వస్తుంది. దీన్నే అంతకు దాదాపు 300 ఏళ్ల ముందు కేరళలో మాధవుడు చెప్పినట్టు ఆయన సంప్రదాయంలోని పండితులు రాసిపెట్టారు. గణితం ఎక్కడో ముందే ఉంది, మనిషి దాన్ని చూస్తాడంతే అనేవాళ్లు మొదట చూపించే సాక్ష్యం ఇదే.

అయితే దీనికి ఇంకో కోణం కూడా ఉంది. ఉన్నదాన్ని చూడటమే గణితం అయితే, రెండోసారి చూసినవాడికి దక్కేదేంటి? ఏమీ లేదు. ఎంత కష్టపడినా పేరు మొదటివాడిదే. కుంభకోణం కుర్రాడికి ఆ వయసులోనే ఈ సంగతి తెలిసొచ్చింది.

లెక్కలు తప్ప ఇంకేం పట్టలేదు

15, 16 ఏళ్ల వయసులో రామానుజన్ చేతికి కార్ అనే ఇంగ్లిష్ ట్యూటర్ రాసిన ఒక పుస్తకం దొరికింది. పరీక్షలకు వెళ్లేవాళ్ల కోసం దాదాపు 5 వేల సూత్రాలను వరసపెట్టి ఇచ్చిన పుస్తకం అది. నిరూపణలు పెద్దగా ఉండవు. మామూలు విద్యార్థికి బోరు కొట్టించే పుస్తకమే. రామానుజన్‌కి మాత్రం ప్రతి సూత్రం ఒక సవాలైంది. ఒక్కోదాన్ని తనకు తోచిన దారిలో రాబట్టుకుంటూ, దాన్ని దాటి కొత్తవాటిలోకి వెళ్లిపోయారు.

కాగితం ఖరీదు. అందుకే లెక్క అంతా పలక మీదే. మోచేత్తో చెరిపేయడం, మళ్లీ రాయడం. చివరికి వచ్చిన ఫలితం మాత్రమే నోట్‌బుక్‌లోకి ఎక్కేది. ఎలా వచ్చిందన్నది పలక మీదే చెరిగిపోయేది. ఈ అలవాటే తర్వాత్తర్వాత పెద్ద అపోహకు దారితీసింది.

1904లో కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో స్కాలర్‌షిప్‌తో చేరారు. లెక్కలు తప్ప మిగతా సబ్జెక్టులు పట్టించుకోలేదు. స్కాలర్‌షిప్ పోయింది. ఆ అవమానంతో 1905లో ఇల్లు వదిలి ఎక్కడికి వెళ్లారో తెలుసా? మన విశాఖపట్నానికే. కొన్నాళ్లకు తిరిగి ఇంటికి చేరి, మద్రాసులోని పచ్చయ్యప్ప కాలేజీలో చేరినా కథ మారలేదు. ఎఫ్‌ఏ పరీక్ష రెండుసార్లు తప్పారు. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. 1909లో జానకి అనే చిన్నపిల్లతో పెళ్లి చేశారు. ఇక సంపాదన తప్పదు.

నెల్లూరులో మలుపు

ఉద్యోగం కోసం నోట్‌బుక్కులు చంకన పెట్టుకుని రామానుజన్ ఊళ్లు తిరిగారు. తిరుక్కోవిలూరులో డిప్యూటీ కలెక్టర్ రామస్వామి అయ్యర్‌ను కలిశారు. ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీని స్థాపించింది ఆయనే. తాలూకా ఆఫీసులో ఒక గుమస్తా పోస్టు ఇప్పించమని రామానుజన్ అడిగారు. నోట్‌బుక్ తిరగేసిన అయ్యర్‌కి, ఈ మనిషిని రెవెన్యూ ఫైళ్ల కింద పడేస్తే ఘోరం అవుతుందనిపించింది. తెలిసినవాళ్లకు సిఫార్సు చేసి పంపారు.

అలా 1910 చివర్లో రామానుజన్ నెల్లూరు చేరారు. అప్పట్లో అక్కడి కలెక్టర్ ఆర్.రామచంద్రరావు. ఆయనకూ లెక్కలంటే ఇష్టం. మాసిన బట్టలతో, బొద్దుగా ఉన్న ఆ కుర్రాడు చెప్పేది మొదట్లో ఆయనకు అర్థం కాలేదు. నిజమా, బూటకమా అని అనుమానం కూడా వచ్చింది. రామానుజన్ తేలిక విషయాలతో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ పోయేసరికి కలెక్టర్‌కు నమ్మకం కుదిరింది. ఏం కావాలని అడిగితే, తిండికి ఇబ్బంది లేకుండా లెక్కలు చేసుకునే తీరిక ఉంటే చాలన్నది రామానుజన్ కోరిక. నెలకు 25 రూపాయలు సొంత డబ్బు పంపడానికి రామచంద్రరావు ఒప్పుకున్నారు.

ఒకరి సొమ్ము మీద ఎక్కువ కాలం బతకడం రామానుజన్‌కి నచ్చలేదు. 1912 మార్చి 1న మద్రాస్ పోర్ట్ ట్రస్ట్‌లో నెలకు 30 రూపాయల జీతానికి గుమస్తాగా చేరారు. అప్పటికే బెర్నౌలీ సంఖ్యల మీద ఆయన రాసిన తొలి వ్యాసం 1911లో ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ జర్నల్‌లో అచ్చయింది.

కేంబ్రిడ్జ్‌కి వెళ్లిన ఉత్తరం

1913 జనవరి 16న రామానుజన్ కేంబ్రిడ్జ్ గణితవేత్త జి.హెచ్.హార్డీకి ఉత్తరం రాశారు. లోపల వందకు పైగా సూత్రాలు. నిరూపణలు లేవు. అంతకుముందు ఇద్దరు పెద్ద గణితవేత్తలకు రాస్తే ఫలితం లేకపోయింది. హార్డీ కూడా మొదట దీన్ని ఆకతాయి ఉత్తరం అనుకున్నారు. కానీ మనసు ఒప్పుకోలేదు. ఆ రాత్రి తన సహచరుడు లిటిల్‌వుడ్‌తో కూర్చుని చూశారు. కొన్ని పాతవే. కొన్ని కష్టపడితే నిరూపించగలిగేవి. మరికొన్ని హార్డీ ఎప్పుడూ చూడనివి. అవి నిజం కాకపోతే, వాటిని ఊహించి అల్లే శక్తి ఎవరికీ ఉండదన్నది ఆయన తేల్చిన మాట.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. రామానుజన్‌కి డిగ్రీ లేదు. వలస దేశంలో ఓ చిన్న గుమస్తా. సాహిత్యంలోనో, చట్టంలోనో అయితే లండన్ పెద్దలు ఆయన్ని పక్కన పెట్టేసినా అడిగే నాథుడు ఉండేవాడు కాదు. కానీ ఒక సూత్రం తప్పో ఒప్పో తేల్చడానికి, రాసినవాడి ఊరూ పేరూ అక్కర్లేదు. లెక్క చేసి చూస్తే చాలు. గణితం మనుషుల ఇష్టాయిష్టాల మీద ఆధారపడిన వ్యవహారమే అయితే ఆ ఉత్తరం చెత్తబుట్టలోకి వెళ్లేదే.

1914 మార్చి 17న ఎస్‌ఎస్ నెవాసా ఓడలో రామానుజన్ ఇంగ్లండ్ బయల్దేరారు. సముద్రం దాటితే వెలివేస్తారన్న భయం ఉన్న రోజులవి. నామగిరి తాయారు కలలో కనిపించి, కొడుకుని ఆపొద్దని చెప్పిందని తల్లి చెప్పాకే అడ్డు తొలగిందంటారు.

అమ్మవారే చెప్పారా?

రామానుజన్ తన సూత్రాలు నామగిరి అమ్మవారి దయ అనేవారని, కలలో ఆమె చూపించేదని స్నేహితులు చెప్పారు. అంటే ఆయన దృష్టిలో సూత్రాలు ముందే ఉన్నాయి. తాను చేసింది అందుకోవడమే.

హార్డీ పచ్చి నాస్తికుడు. దేవుడి మాట ఎత్తితేనే చిరాకు. రామానుజన్ కూడా అందరు గణితవేత్తల్లాగే ఆలోచించేవాడని, ఇందులో మంత్రం తంత్రం ఏమీ లేదని గట్టిగా వాదించారు. విచిత్రం ఏంటంటే.. అసలు ప్రశ్న దగ్గరికొచ్చేసరికి హార్డీదీ అదే పక్షం. గణిత సత్యాలు మన బయటే ఉన్నాయని, మనం సృష్టించామని గొప్పగా చెప్పుకునేవన్నీ మనం చూసినవాటి గురించి రాసుకున్న నోట్సేనని ఆయన 1940లో వచ్చిన తన పుస్తకంలో రాశారు. ఒకరు పరమ భక్తుడు, ఇంకొకరు పరమ నాస్తికుడు. కొండ ఉందని ఇద్దరూ ఒప్పుకున్నారు. దాన్ని చూపించింది ఎవరన్న దగ్గరే పేచీ.

మరి అమ్మవారే చెబితే అన్నీ ఒప్పే కావాలిగా? కాలేదు. ప్రధాన సంఖ్యలు ఎన్ని ఉంటాయో దాదాపు కచ్చితంగా చెప్పే సూత్రం తన దగ్గర ఉందని రామానుజన్ నమ్మారు. చిన్న సంఖ్యలకు అది అద్భుతంగా సరిపోయింది. పెద్ద సంఖ్యల దగ్గరికి వెళ్లేసరికి ఆయన అనుకున్నంత కచ్చితత్వం నిలబడదని తేలింది. దానికి కావాల్సిన సంకీర్ణ సంఖ్యల గణితం అప్పటికి ఆయనకు తెలియకపోవడమే కారణం.

ఈ తప్పు రామానుజన్ స్థాయిని తగ్గించదు. నిజానికి పెంచుతుంది. సూత్రాలు ఊరికే ఊడిపడలేదని, ఉదాహరణలు వేసి, పోలికలు పట్టి, పలక అరిగేలా చేసిన చాకిరీ నుంచి వచ్చాయని చెబుతుంది. అంతా అమ్మవారే చెప్పారని వదిలేస్తే, చెరిగిపోయిన ఆ పలక మీది కష్టం కూడా మరుగున పడిపోతుంది.

ఒకటే అంకె.. రెండు దారులు

కేంబ్రిడ్జ్‌లో రామానుజన్, హార్డీ కలిసి సాధించినవాటిలో గొప్పది విభజనల సూత్రం. ఒక సంఖ్యను ఎన్ని రకాలుగా కూడికలుగా రాయొచ్చు అన్నదే ప్రశ్న. 4 తీసుకుంటే.. 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. మొత్తం 5 రకాలు. 10కి 42 రకాలు. 100కి 19 కోట్లు దాటిపోతుంది.

200 సంగతేంటి? మాజీ సైనికాధికారి, గణితవేత్త మేజర్ మెక్‌మాన్ మెట్టు మెట్టుగా చేత్తో లెక్కగట్టారు. ఆయనకొచ్చిన సంఖ్య 39,72,99,90,29,388. రామానుజన్, హార్డీ పూర్తిగా వేరే దారిలో వచ్చారు. పై, వర్గమూలాలు, ఘాతాలు నిండిన సూత్రం అది. పూర్ణ సంఖ్యలతో దానికి పైకి ఏ సంబంధమూ కనిపించదు. కానీ అందులోని మొదటి 8 పదాలు కూడితే మెక్‌మాన్ సంఖ్యే వచ్చింది. తేడా కేవలం 0.004. సొరంగాన్ని కొండకు రెండు వైపుల నుంచి తవ్వుకుంటూ వస్తే మధ్యలో సరిగ్గా కలిసినట్టు అన్నమాట. అక్కడ కొండే లేకపోతే కలిసేదెలా?

మెక్‌మాన్ తయారుచేసిన పట్టికను రామానుజన్ ఇంకోలా కూడా చూశారు. 4కి 5, 9కి 30, 14కి 135, 19కి 490. చివర 4 గానీ 9 గానీ వచ్చే ప్రతి సంఖ్యకూ విభజనల లెక్క 5తో నిశ్శేషంగా భాగించబడుతోంది. పట్టిక వేసిన మేజర్ బయటపెట్టని సంగతి ఇది. రామానుజన్ దాన్ని పట్టుకోవడమే కాదు, ఎప్పటికీ అలాగే జరుగుతుందని నిరూపించారు కూడా.

మనిషి పాత్ర ఎక్కడ?

అలాగని సృష్టి అనేవాళ్ల వాదన తేలికైందేం కాదు. 1915లో రామానుజన్ ఒక కొత్త రకం సంఖ్యలకు పేరు పెట్టారు. తనకంటే చిన్న సంఖ్యలన్నింటి కంటే ఎక్కువ కారణాంకాలు ఉన్న సంఖ్యలు. ఉదాహరణకి 12కి 6, 24కి 8, 60కి 12 కారణాంకాలు ఉన్నాయి. ఈ పని మీదే 1916లో కేంబ్రిడ్జ్ ఆయనకు పరిశోధనా డిగ్రీ ఇచ్చింది. ఈ సంఖ్యలను విడిగా తీసి, వీటి స్వభావం ఏంటని అడగమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అది ఆయన ఎంపిక, ఆయన అభిరుచి. ఇంకో గణితవేత్త వేరే ప్రశ్న అడిగేవాడు.

మన పల్లెల్లో ఆడే పులి మేక ఆటనే తీసుకోండి. ఎన్ని పులులు, ఎన్ని మేకలు, ఎలా కదలాలి.. ఇవన్నీ మనుషులు పెట్టుకున్న రూల్సే. కానీ ఒకసారి రూల్స్ పెట్టాక, ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే గెలుపెవరిదన్నది ఆట పెట్టినవాడి చేతిలో కూడా ఉండదు. అది తేల్చాల్సింది, తేల్చుకోవాల్సింది. రామానుజన్ విషయంలోనూ అంతే. నిర్వచనం ఆయనది. కానీ ఆ జాబితాలో 24 ఉండాలా, 25 ఉండాలా అన్నది ఆయన ఇష్టం కాదు.

చలి, జబ్బు, ఒంటరితనం

మొదటి ప్రపంచ యుద్ధం రోజులు. శాకాహారి అయిన రామానుజన్‌కి ఇంగ్లండ్‌లో సరైన తిండి దొరికేది కాదు. తానే వండుకునేవారు. 1917లో జబ్బుపడ్డారు. క్షయ అని డాక్టర్లు చికిత్స చేశారు. ఆస్పత్రులు మారారు. ఇంటి నుంచి ఉత్తరాలు సరిగా అందేవి కావు. 1918 మొదట్లో లండన్‌లో రైలు పట్టాల మీదకు దూకేశారు. రైలు ఆగడంతో బతికారు.

అదే ఏడాది రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. అక్టోబర్‌లో ట్రినిటీ కాలేజీ ఫెలో అయ్యారు. ఆ గౌరవం అందుకున్న తొలి భారతీయుడు ఆయనే. పట్నీలో చికిత్స పొందుతుండగా హార్డీ ఎక్కి వచ్చిన ట్యాక్సీ నంబరే 1729. రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగే అతి చిన్న సంఖ్య అదేనని రామానుజన్ మంచం మీద నుంచే చెప్పారు. 1, 12ల ఘనాలు కలిపినా, 9, 10ల ఘనాలు కలిపినా వచ్చేది 1729. ఇది అప్పటికప్పుడు మెరిసిన మెరుపు కాదు. ఇలాంటి ఘనాల లెక్కలు ఆయన కాగితాల్లో కనిపిస్తాయి. సంఖ్యలతో ఏళ్ల తరబడి చేసిన స్నేహం అలా బయటపడింది.

ఆఖరి ఉత్తరం

1919లో రామానుజన్ మద్రాస్ తిరిగొచ్చారు. మనిషి చిక్కి శల్యమయ్యారు. మంచంలో ఉండి కూడా రాస్తూనే ఉన్నారు. 1920 జనవరిలో హార్డీకి ఆఖరి ఉత్తరం రాశారు. అందులో మాక్ తీటా ఫంక్షన్లు అని తాను పేరు పెట్టిన 17 కొత్త ప్రమేయాల ఉదాహరణలు ఇచ్చారు. అవేంటో పూర్తిగా వివరించే టైమ్ ఆయనకు లేకపోయింది. 1920 ఏప్రిల్ 26న చెట్‌పట్‌లో కన్నుమూశారు. భార్య జానకి అమ్మాళ్ ఆ తర్వాత 70 ఏళ్లకు పైగా బతికి, 1994లో మరణించారు.

చివరి రోజుల్లో రాసిన కాగితాలు కేంబ్రిడ్జ్ లైబ్రరీలో ఓ పెట్టెలో పడి ఉంటే, 1976లో అమెరికన్ గణితవేత్త జార్జ్ ఆండ్రూస్ వాటిని గుర్తించారు. పాత నోట్‌బుక్కుల్లోని ఫలితాలన్నింటికీ నిరూపణలతో బ్రూస్ బెర్న్‌ట్ 1985 నుంచి 1998 మధ్య ఐదు సంపుటాలు తెచ్చారు. చూసినవాటిలో అత్యధికం కరెక్టే. మాక్ తీటాల అసలు స్వరూపం ఏంటో 2002లో జ్వేగర్స్ అనే యువ పరిశోధకుడు తేల్చారు. అంటే రామానుజన్ పోయిన 82 ఏళ్లకు. ఆ తర్వాత బ్లాక్‌హోల్స్‌కు సంబంధించిన భౌతికశాస్త్ర లెక్కల్లోనూ అవి కనిపించాయి.

పేరు ఆయనది, ఉదాహరణలు ఆయనవి. కానీ వాటిలో ఏముందో ఆయనకే పూర్తిగా తెలియదు. మనిషి పూర్తిగా తానే తయారుచేసిన వస్తువులో, తనకు తెలియని గదులు ఉంటాయా? ఈ ప్రశ్నకు సృష్టివాదుల దగ్గర సూటి జవాబు లేదు. అలాగే, ఎక్కడో ఉందంటున్న ఆ గణిత లోకం ఎక్కడుందో, మట్టి మనిషి బుర్ర దాన్ని ఎలా అందుకుంటుందో అవతలి పక్షమూ చెప్పలేకపోతోంది. అందుకే వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

రామానుజన్ పుట్టినరోజైన డిసెంబర్ 22ను దేశమంతా జాతీయ గణిత దినోత్సవంగా జరుపుకుంటోంది. స్కూల్లో ఆయన ఫొటోకి దండ వేసే పిల్లలు ఈ వాదనలో ఎటువైపైనా ఉండొచ్చు. ఓ కాగితం తీసుకుని 9ని ఎన్ని రకాలుగా కూడికలుగా రాయొచ్చో వేసి చూస్తే సరి. నెల్లూరులో వేసినా, లండన్‌లో వేసినా, పలక మీద వేసినా 30 వస్తుంది. 29 రాదు, 31 రాదు. రామానుజన్ పుట్టకముందు కూడా అది 30నే.